ఈక ఊది చూస్తే

మార్చి రెండో వారం.
రంభ గట్టు మీద ఇంకా తెల్లారలేదు.
వలలో పడ్డ సూదితోక బాతుని
మడ్డు కారయ్య మామ గుడ్డసంచిలోంచి తీసి
చిల్లర తిరిగిచ్చినంత మామూలుగా
నా చేతిలో పెడతాడు.

రొమ్ము ఈకల మీద మెల్లగా ఊదుతాను.
పాపిడి తీసినట్టు విడిపోతాయి.
మెడ దిగువ, ఎముకలు కలిసే గుంటలో
పనసతొన రంగు కొవ్వు,
గుంట నిండి అంచు దాటి పొంగింది.
నోటుబుక్కులో అయిదు అని రాసుకుంటాను.

"ఏటి రాస్తన్నావే?"
"దీని దగ్గర దారిఖర్చులున్నాయని."
మామ నవ్వుతాడు.
సూరత్ బండెక్కిన రోజు
తన మొలగుడ్డలో ఉన్నది నాలుగొందలట.
ఆ నాలుగొందలూ ముడి విప్పకుండానే
నాగపూర్ దాకా నీళ్లు తాగి బతికాడట.

బాతు అలా చెయ్యదు మామా.
ముడి విప్పే చెయ్యి దాని లోపలే ఉంది.
చిన్నపేగు తొలి మెలికలో
ఉయ్యాల్లో వేసినట్టు లేతగా క్లోమం పడుకుని ఉంటుంది.
కడుపు ఖాళీ అయిందంటే
గ్లూకగాన్ అక్కణ్ణుంచే బయల్దేరుతుంది.
కొవ్వుకణం కొవ్వుకణం తలుపు కొట్టి
"తియ్యండి, రెక్కలు అడుగుతున్నాయి" అంటుంది.
రాత్రంతా కొవ్వు కరిగి
నెత్తుట్లో పడి రెక్కల కండలకు చేరుతుంది.
కింద ఊళ్లు దాటిపోతాయి, దీపాలు దాటిపోతాయి.

మన ఒంట్లో అయితే
ఇన్సులిన్ ఉండమంటే కొవ్వు ఉండిపోతుంది.
పిట్ట ఒంట్లో దాని మాట
మా ఇంట్లో మా నాన్న మాట.
చెబుతూనే ఉంటాడు,
మా అమ్మ చేపలగంప ఎత్తుకుని వెళ్తూనే ఉంటుంది.

మరి ఆపేదెవరు?
అదే క్లోమంలో ఇంకొకడున్నాడు.
ముందు కోడిలో దొరికాడు,
పేరు పలికేసరికి నోరు నొప్పెడుతుంది:
పాంక్రియాటిక్ పాలీపెప్టైడ్.
గింజ గొంతు దిగితే చాలు, లేస్తాడు.
"చాల్లే, తిండొచ్చింది, పెట్టె ముయ్యండి."
సొమాటోస్టాటిన్‌కి అంత మాట కూడా లేదు,
తాళంచెవి తిప్పే చెయ్యిని గమ్మున పట్టుకుంటుంది.
పేగు కూడా ఏవో చెబుతూనే ఉంటుందట.
ఏం చెబుతుందో మాకు సగమే తెలుసు.
ఆ మిగతా సగం కోసమే ఈ చలిలో నేను.

రెక్క నరంలోంచి చుక్క తీశాను.
చెయ్యి అలవాటు కొద్దీ
ఒక బొట్టు సుగర్ మిషను మీద పెట్టాను.
రెండొందల డెబ్బై.
పోయిన నెలా ఇలాగే వస్తే
అర్జిపల్లి వెళ్లినప్పుడు మా మామ్మకు చెప్పాను.
సూరాడ పోలమ్మ, ఎడమకాలి రెండు వేళ్లు లేవు.
మంచమ్మీంచి సగం లేచి కూర్చుంది.
"అంత సుగరు పెట్టుకునీ ఎగురుతాదా?
దానికి సూదెవులేస్తారే?"

ఎవరూ వెయ్యరు మామ్మా.
అది దానికి రోగం కాదు, రోజూ ఉండే లెక్క.

కాసేపు గమ్మునుంది.
"మరి నాకెందుకయిందే రోగం" అంది.
పుస్తకాల్లో ఉన్నదేదో చెప్పబోయాను.
కిటికీలోంచి సముద్రం చూస్తూ
వినలేదు.

తెల్లారింది. వదిలేశాను.
కొంతదూరం నీళ్ల మీద కాళ్లతో గీత గీసుకుంటూ పోయి
గీత తెగిపోయిన చోట లేచింది.
కారయ్య మామ అప్పటికే వల చుట్టేస్తున్నాడు.

ఎనిమిదింటి బస్సు. ఒళ్లో థర్మోకోల్ పెట్టె.
బాలుగావ్ చేపల ఐసు, ఐసులో
పదకొండు బాతుల నెత్తురు.
బరంపురంలో ల్యాబు దగ్గర దించేసి
మందులషాపులో మామ్మ ఇన్సులిన్ కొని
ఆ ఐసు మీదే పెట్టి తెస్తాను.
వచ్చేసరికి ఐసు సగం కరుగుతుంది.
ఎప్పుడూ అంతే.